ఓడిన జట్టును విడగొట్టకండి: మన బాలికల క్రికెట్ కమిటీకి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిటీ పెద్దలకు, తోటి కోచ్‌లకు, మా పిల్లల తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీటింగులో నా వంతు వచ్చేసరికి అందరూ లేచి చెప్పులేసుకుంటున్నారు. అప్పటికే బాగా పొద్దుపోయింది, మిమ్మల్ని అనడానికేమీ లేదు. కానీ చెప్పాల్సిన మాట చెప్పలేకపోయానన్న బాధతో రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. అందుకే ఇలా రాస్తున్నాను. నలుగురూ చదివేలా రాయడానికి ఇంకో కారణం ఉంది. గాజువాకలో గానీ, పెందుర్తిలో గానీ, మధురవాడలో గానీ, పిల్లల జట్టు వరసగా నాలుగు మ్యాచ్‌లు ఓడిందంటే పెద్దలకు ముందుగా తట్టేది ఒకటే ఆలోచన: సగం జట్టును మార్చేద్దాం. మీరూ అదే అన్నారు. ఆరుగుర్ని తీసేద్దాం, కెప్టెన్ని మారుద్దాం, బయటి నుంచి నలుగురు గట్టి పిల్లల్ని తెద్దాం అని.

మీరు ఆ మాట ఈ పిల్లల మీద ప్రేమ లేక అనలేదని నాకు తెలుసు. పోర్టులో, స్టీల్‌ప్లాంటులో, డాక్‌యార్డులో ముప్ఫయ్యేసి ఏళ్లు పనిచేసి వచ్చినవాళ్లు మీరు. పెన్షన్ డబ్బుల్లోంచి తీసి వీళ్లకు కిట్లు కొన్నారు, నెట్లు కట్టించారు. ఆడపిల్లలకి క్రికెట్ ఏంటని వీధిలో నోరు చేసుకున్నవాళ్లకు ఎదురు నిలబడి సమాధానం చెప్పింది మీరే. ఆ మేలు ఈ జన్మకు మర్చిపోను. అయినా ఈ ఒక్క విషయంలో మీ నిర్ణయం తప్పని చేతులు జోడించి చెబుతున్నాను. ఓడిన వెంటనే జట్టును మార్చకండి. ఓటమి వల్ల పోయినదానికంటే, ఆ మార్పు భయం వల్ల పోయేది ఎక్కువ.

ఏం పోయిందో నేను దగ్గర నుంచి చూశాను. ఐదో మ్యాచ్ గుర్తు చేసుకోండి. ప్రత్యర్థి బ్యాటింగ్, పద్నాలుగో ఓవర్. బంతి మిడ్‌వికెట్ వైపు గాల్లోకి నిలువుగా లేచింది. మా కీపర్ గ్లవ్స్ సర్దుకుంటూ పరిగెత్తింది. అటు నుంచి మిడ్‌వికెట్‌లో ఉన్న పిల్ల పరిగెత్తింది. ఇద్దరూ అందుకోగలిగిన క్యాచే. బంతి కిందికి వస్తుండగా ఇద్దరూ ఒకేసారి ఆగిపోయి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బంతి ఇద్దరి మధ్యలో పడింది. 'నాదీ' అని ఎవరూ అనలేదు.

ఇదే కీపర్ సీజన్ మొదట్లో 'నాదీ' అని అరిస్తే రోడ్డు మీద పోయే ఆటోవాళ్లు తిరిగి చూసేవాళ్లు. ఓటములు మొదలయ్యాక మన పిల్లల్లో ముందుగా పోయింది బ్యాటింగ్ కాదు, బౌలింగ్ కాదు. గొంతు పోయింది. మొదటి ఓటమి తర్వాత నవ్వులు తగ్గాయి. మూడో ఓటమికి బౌలర్‌ని ఉత్సాహపరిచే మాటలు ఆగిపోయాయి. ఐదో మ్యాచ్‌కి వచ్చేసరికి మైదానంలో పదకొండు మంది ఉన్నా చప్పుడు లేదు. బౌండరీ అవతల తల్లిదండ్రుల అరుపులే వినిపించాయి.

క్యాచ్ కోసం అరవకపోవడానికి పిల్లలకు ఒక కారణం ఉంటుంది. 'నాదీ' అన్న పిల్ల ఆ క్యాచ్‌ని తన పేరు మీద వేసుకున్నట్టే. వదిలేస్తే ఆ తప్పూ ఆమెదే. తర్వాతి మ్యాచ్‌లో తనకు చోటుందో లేదో తెలియని పిల్ల ఎందుకు అరుస్తుంది? అదే మ్యాచ్‌లో మన బ్యాటింగ్ కూడా చూడండి. 12 బంతుల్లో 11 పరుగులు కావాలి, చేతిలో నాలుగు వికెట్లున్నాయి. సింగిల్స్ తీస్తే చాలు, ఆట మనది. మన పిల్లలు సింగిల్స్ తియ్యలేదు. పరిగెత్తితే రనౌట్ అవుతామని, అయితే ఆ రనౌట్ తమ పేరు మీద పడుతుందని బంతిని కాళ్ల దగ్గర ఆపుకుని నిలబడ్డారు. మూడు పరుగులతో ఓడాం. చివర్లో ఆడిన ఇద్దరూ నాటౌట్‌గా వచ్చారు. ఎవరి చోటు వాళ్లు కాపాడుకున్నారు, మ్యాచ్ పోయింది.

వాళ్ల చేతగానితనం అని మీకనిపించింది. నాకైతే నాలుగో మ్యాచ్ రాత్రి మన వాట్సాప్ గ్రూపులో వచ్చిన మెసేజ్ కళ్ల ముందు కదిలింది. ఎవరు ఎన్ని క్యాచ్‌లు వదిలారు, ఎవరు ఎన్ని బంతులు వృథా చేశారు, పేర్లతో సహా. కింద దండాలు, బొటనవేళ్లు. మర్నాడు బౌండరీ దగ్గర ఒక పెద్దాయన అందరూ వినేలా 'ఈ గుంటల్లో సగం మంది ఇక ఇంటికే' అన్నారు. ఆయన ఆ మాట మర్చిపోయి ఉంటారు. పిల్లలు మర్చిపోలేదు. తప్పు నాలోనూ ఉంది. ఆ మెసేజ్ చూసి కూడా నేను నోరు మెదపలేదు. అప్పుడే తీసేయమని అడగాల్సింది.

ఐదో ఓటమి తర్వాత ప్రాక్టీస్‌కి పదహారు మందికి తొమ్మిది మందే వచ్చారు. కీపర్ పిల్ల గ్లవ్స్ చేత్తో పట్టుకుని నా దగ్గరికొచ్చి, "మేడమ్, ఈ ఒక్క మ్యాచ్‌కీ నన్ను ఫైన్ లెగ్‌లో నిలబెట్టండి. అక్కడికి బంతి తక్కువ వస్తుంది కదా" అంది. పద్నాలుగేళ్ల పిల్ల. బంతి రాని చోటు వెతుక్కుంటోంది.

ఈ పిల్లనే నేను 2025 అక్టోబర్ 12న పీఎం పాలెం స్టేడియానికి తీసుకెళ్లాను. మహిళల ప్రపంచకప్‌లో భారత్, ఆస్ట్రేలియా మ్యాచ్. ఆ స్టేడియంలో మిథాలీ రాజ్, రావి కల్పన పేర్లు పెట్టింది కూడా ఆ రోజే. రావి కల్పన మన ఆంధ్ర వికెట్ కీపర్ అని చెప్పగానే ఆ పేరున్న చోట నిలబడి, చేతులు కీపర్‌లా పట్టుకుని ఫోటో దిగింది. ఆ ఫోటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది.

ఆ రోజు మనం ఓడిపోయాం. స్మృతి, ప్రతీక మొదటి వికెట్‌కే 155 పరుగులు జోడించారు. 294 దాకా పడింది నాలుగు వికెట్లే. మిగతా ఆరూ 36 పరుగుల్లో పోయాయి. మన కడప అమ్మాయి శ్రీచరణి మూడు వికెట్లు తీసినా, వాళ్ల కెప్టెన్ అలీసా హీలీ 142 కొట్టడంతో ఆస్ట్రేలియా 331 లక్ష్యాన్ని ఒక ఓవర్ మిగిలుండగానే ఛేదించేసింది. మహిళల వన్డేల్లో అప్పటికి అదే అతి పెద్ద ఛేదన. దానికి మూడు రోజుల ముందు ఇదే మైదానంలో దక్షిణాఫ్రికా చేతిలోనూ ఓడారు. తర్వాత ఇండోర్‌లో ఇంగ్లండ్ మీద నాలుగంటే నాలుగు పరుగులతో ఓడారు. గెలుపు చేతికందే దూరంలో ఉండగా జారిపోవడం మన పిల్లలకే జరిగిందనుకోకండి. వరసగా మూడు ఓటములు, సొంత దేశంలో, దేశమంతా చూస్తుండగా.

ఆ జట్టు అక్కడి నుంచి ఎలా లేచిందో మనందరం టీవీలో చూశాం. అక్టోబర్ 30న నవీ ముంబైలో అదే ఆస్ట్రేలియా 338 కొడితే, మనవాళ్లు ఛేదించారు. విశాఖలో మన మీద పెట్టిన రికార్డు పద్దెనిమిది రోజుల్లో వాళ్ల మీదే బద్దలైంది. నవంబర్ 2న కప్పు మన చేతికొచ్చింది.

మీటింగులో ఒకాయన ఇదే ఉదాహరణ చెప్పి, 'వాళ్లు కూడా మార్పులు చేశారు కదా, జెమీమాని తీసేయలేదా' అన్నారు. ఆ మాట నిజం. దాన్ని దాటవేయను. ఆ టోర్నీలో అప్పటికే రెండుసార్లు సున్నాకి ఔటైన జెమీమాని ఇంగ్లండ్ మ్యాచ్‌లో పక్కన పెట్టారు. బౌలింగ్ చాలడం లేదని ఆమె చోటులో రేణుకని తీసుకున్నారు. కానీ ఎంతమందిని మార్చారో, ఎన్నాళ్లు పక్కన పెట్టారో కూడా చూడాలి. మూడు ఓటములైనా కెప్టెన్ అలాగే ఉంది, జట్టు అలాగే ఉంది. పక్కన పెట్టిన అమ్మాయి ఆ వెంటనే వచ్చిన న్యూజిలాండ్ మ్యాచ్‌లో మూడో స్థానంలో వచ్చి 76 పరుగులతో నాటౌట్‌గా నిలిచింది. సెమీఫైనల్లో 127 నాటౌట్. ఒక మ్యాచ్‌కి పక్కన కూర్చోబెట్టడం వేరు, 'నువ్వు ఇక పనికిరావు' అని చెప్పడం వేరు. మొదటిది నేనూ చేస్తాను. రెండోదానికి మాత్రం ఒప్పుకోను.

సెమీఫైనల్ తర్వాత జెమీమా కళ్లనీళ్లతో చెప్పిన మాటలు నన్ను పట్టుకున్నాయి. ఆ టోర్నీ అంతా టెన్షన్‌తో దాదాపు రోజూ ఏడ్చానని చెప్పింది. మన తెలుగమ్మాయి అరుంధతి రెడ్డి తోడుగా నిలిచిందని, స్మృతి ఏమీ మాట్లాడకపోయినా పక్కన వచ్చి నిలబడేదని చెప్పింది. అంత పెద్ద ప్లేయర్‌కే పక్కన నిలబడే మనిషి కావాల్సి వచ్చింది. మన పిల్లల్ని ఓడిన రోజు ఒక్కొక్కరిగా బండెక్కించి ఇంటికి తీసుకుపోతున్నాం. ఆ తోడు వాళ్లకు ఎక్కడ దొరుకుతుంది? ఆరుగుర్ని తీసేస్తే, మిగిలిన వాళ్లు కూడా తమ స్నేహితురాళ్ల ఖాళీ చోట్లు చూస్తూ ఆడతారు.

ఇంకొంచెం వెనక్కి వెళ్తాను. మీలో కొందరు 2005 ఏప్రిల్ 5న అదే స్టేడియంలో ఉన్నారు, ఆ కథ నాకు పదిసార్లు చెప్పారు. ధోనీ పాకిస్తాన్ మీద 148 కొట్టిన రోజు. చెప్పేటప్పుడు మీరు సిక్సర్ల గురించే చెబుతారు. అంతకు ముందు అతని నాలుగు వన్డేల స్కోర్లు నేను గుర్తు చేస్తాను: 0, 12, 7 నాటౌట్, 3. ఆ అంకెలతో మన గ్రూపులో మెసేజ్ పెట్టి ఉంటే ఎన్ని బొటనవేళ్లు వచ్చేవో ఆలోచించండి. గంగూలీ అతన్ని తీసేయలేదు. ఇంకా పైకి, మూడో స్థానంలోకి పంపాడు. అది మన ఊళ్లో, మన కళ్ల ముందు జరిగింది.

నా సంగతి కూడా ఒకటి చెప్పాలి, ఇదంతా నాకెందుకింత పట్టిందో మీకు తెలియాలి కదా. ఇరవై ఏళ్ల కిందట ఒక జట్టుకి ఆడేదాన్ని. ఒక మ్యాచ్‌లో రెండు క్యాచ్‌లు వదిలాను. తర్వాతి వారం కిట్ బ్యాగ్ భుజాన వేసుకుని, రెండు బస్సులు మారి గ్రౌండ్‌కి వెళ్లాను. గోడ మీద అంటించిన లిస్టులో నా పేరు లేదు. ఎందుకని అడగడానికి ఎవరూ దొరకలేదు. ఎవరైనా ఒక్క నిమిషం కూర్చోబెట్టి 'నీ కాళ్లు ఆలస్యంగా కదులుతున్నాయి, నెల రోజులు దాని మీద పనిచేసి రా' అని ఉంటే వెళ్లేదాన్ని. అనలేదు. నేను వెళ్లలేదు. ఆ లిస్టు ముందు నిలబడ్డ పిల్లని నేను ఇప్పటికీ మర్చిపోలేదు, మన పిల్లల్లో ఒక్కరు కూడా అలా నిలబడకూడదు.

ఇప్పుడు ఓటమికి అసలు కారణాల మాట. మనం ఊరికే ఓడలేదు. అక్టోబర్ నెలాఖరు మొంథా తుపాను వానలకి మన గ్రౌండ్ వారం పైగా బురదగుంటలా ఉంది, అప్పుడు ప్రాక్టీస్ దెబ్బతింది. మన ఇద్దరు బౌలర్లు పరీక్షల వల్ల రాలేదు. ఐదో మ్యాచ్‌లో పదిహేడో ఓవర్ స్పిన్నర్‌కి ఇవ్వమన్నది నేను, ఆ ఓవర్లో పద్నాలుగు పరుగులు వచ్చాయి. ఈ మాట పిల్లల ముందు కూడా చెప్పాను. ఇంగ్లండ్ చేతిలో ఓడినప్పుడు స్మృతి తన షాట్‌తోనే పతనం మొదలైందని తానే ఒప్పుకుంది. పెద్దవాళ్లు ముందు తమ తప్పు చెబితే పిల్లలు తమ తప్పు దాచుకోరు. నేను ఆ ఓవర్ సంగతి చెప్పాక, అంతవరకూ తలలు దించుకుని కూర్చున్న పిల్లల్లో ఒకమ్మాయి లేచి 'మేడమ్, నేను ఆ సింగిల్‌కి రమ్మని పిలవాల్సింది' అంది. ఐదు మ్యాచ్‌లలో మొదటిసారి ఒక పిల్ల తనంతట తాను తప్పు ఒప్పుకుంది. ఎవరూ వేలు చూపించలేదు కాబట్టే ఒప్పుకుంది.

తోటి కోచ్ ఒకరు మంచి మనసుతోనే ఒక సలహా ఇచ్చారు. చిన్న జట్టు ఏదైనా చూసి రెండు ఫ్రెండ్లీ మ్యాచ్‌లు ఆడిద్దాం, గెలిస్తే ధైర్యం వస్తుంది అని. నాకు దాని మీద నమ్మకం లేదు. పిల్లలు మనం అనుకునేంత అమాయకులు కారు. ఎదుటివాళ్లు పదేళ్ల పిల్లలైతే, గెలిచినా అది గెలుపు కాదని వాళ్లకి తెలిసిపోతుంది. వాళ్లకి భయం ఎక్కడ పట్టుకుందో అక్కడికే మళ్లీ మళ్లీ తీసుకెళ్లాలి, కానీ పడిపోయినా దెబ్బ తగలని విధంగా తీసుకెళ్లాలి.

అందుకే పది రోజులుగా ప్రాక్టీస్ చివరి ఇరవై నిమిషాలు ఒకే ఆట ఆడిస్తున్నాను. 12 బంతులు, 11 పరుగులు, నాలుగు వికెట్లు. ఆ మ్యాచ్ ఎక్కడ పోయిందో అక్కడే. మొదటి మూడు రోజులూ ఓడారు. నాలుగో రోజు ఒక బంతి మిగిలుండగా గెలిచారు. బౌండరీ ఒక్కటీ లేదు, అన్నీ సింగిల్స్, రెండ్లు. క్యాచ్‌లకి ఇంకో పద్ధతి పెట్టాను. అరిచి వదిలేస్తే తప్పు లేదు. ఎవరూ అరవకుండా బంతి కింద పడితే మాత్రం జట్టంతా ఒక రౌండ్ పరిగెత్తాలి, నాతో సహా. మొదటి రోజు నేను ఏడు రౌండ్లు పరిగెత్తాను. నిన్న రెండు.

సెమీఫైనల్లో 339 లక్ష్యం ముందున్నప్పుడు కోచ్ అమోల్ మజుందార్ డ్రెస్సింగ్ రూమ్ బోర్డు మీద పెద్ద ఉపన్యాసమేమీ రాయలేదు. వాళ్లకంటే ఒక్క పరుగు ఎక్కువ కావాలి, అంతే అని రాశాడు. నేను కూడా మా పిల్లలకి లీగ్ టేబుల్ చూపించడం మానేశాను. ఈ ఓవర్లో ఎన్ని సింగిల్స్ తీశారు, ఎన్నిసార్లు ఒకరినొకరు పిలుచుకున్నారు, ఇవే లెక్క రాస్తున్నాను.

కమిటీని అడిగేది ఇది. రాబోయే నాలుగు మ్యాచ్‌లకూ ఇప్పుడున్న పదహారు మందినే ఉంచండి. కెప్టెన్ సీజన్ చివరిదాకా మారదని ఈ వారమే చెప్పండి, అదీ పిల్లల ముందు చెప్పండి. తుది పదకొండు మందిని నేను గురువారం ప్రాక్టీస్‌లోనే చెబుతాను, కూర్చోబోయే పిల్లలకి ఎందుకు కూర్చుంటున్నారో, మళ్లీ ఎప్పుడు ఆడతారో ఎదురుగా చెబుతాను. గోడ మీద లిస్టు ఉండదు. వాట్సాప్ గ్రూపులో టైమింగ్స్, ఫోటోలు తప్ప పిల్లల పేర్లతో లెక్కలు వద్దు. అనాలనిపిస్తే నాకు ఫోన్ చేసి నన్ను అనండి, పడతాను. నాలుగు మ్యాచ్‌ల తర్వాత కూడా పిల్లల్లో ఏ మార్పూ కనిపించకపోతే, అప్పుడు మీతో కలిసి కూర్చుని మార్పుల గురించి నేనే మాట్లాడతాను. బయటి పిల్లలు రావద్దని నేననను. వచ్చే సీజన్‌కి రానివ్వండి, ముందు నుంచి వీళ్లతో కలిసి ప్రాక్టీస్ చేయనివ్వండి.

తల్లిదండ్రులకు ఒక్క మాట. అమ్మా, అయ్యా, మీరు తెల్లారి నాలుగింటికి లేచి టిఫిన్ కట్టి, హార్బర్ పనికో ఆటోకో ఆలస్యమైనా పిల్లని గ్రౌండ్‌లో దింపి వెళ్తున్నారు. మీ కష్టం నేను రోజూ చూస్తున్నాను. ఓడిన రోజు మీకూ బాధే. కానీ ఇంటికి వెళ్లే దారిలో బండి మీద మ్యాచ్ గురించి అడగకండి. అన్నం తిననివ్వండి. తనంతట తాను చెబితే వినండి. బౌండరీ దగ్గర నిలబడి 'కొట్టవే', 'వదిలేశావేంటే' అని అరిచే అరుపు మీకు ప్రోత్సాహం. లోపల ఉన్న పిల్లకి మాత్రం అది పక్కనున్న తోటి ప్లేయర్ పిలుపుని వినిపించకుండా చేస్తుంది.

శనివారం సాయంత్రం నాలుగున్నరకి ప్రాక్టీస్ ఉంది. ఆదివారం మీటింగులో నిర్ణయం తీసుకునే ముందు కమిటీ పెద్దలు ఒక్కసారి వచ్చి చూడండి. వేపచెట్టు కింద కుర్చీలు వేయిస్తాను. పదహారు మందికి ఇప్పుడు పద్నాలుగు మంది వస్తున్నారు. మిగతా ఇద్దరి ఇళ్లకీ రేపు వెళ్తున్నాను.

మొన్న ప్రాక్టీస్‌లో ఒక బంతి గాల్లోకి లేచింది. ఫైన్ లెగ్‌లో నిలబెట్టమన్న ఆ పిల్ల గ్లవ్స్ వేసుకునే ఉంది. 'నాదీ' అంది. మెల్లగా, పక్కవాళ్లకి వినపడీ వినపడనట్టు. క్యాచ్ వదిలేసింది. ఎవరూ ఏమీ అనలేదు, మిడ్‌వికెట్ నుంచి ఒక పిల్ల పరిగెత్తుకొచ్చి బంతి తీసి చేతికిచ్చింది. తర్వాతి బంతి కూడా అటే లేచింది. మళ్లీ 'నాదీ' అంది, ఈసారి దూరంగా బౌండరీ దగ్గర, లాంగాన్‌లో ఉన్న నాకు కూడా వినిపించింది.

ఇట్లు,
మీ జట్టు కోచ్,
ఒక ప్రభుత్వ పాఠశాల వ్యాయామ ఉపాధ్యాయురాలు,
విశాఖపట్నం.